సిస్టరమ్మకు కథ లేదా?

మన తెలుగులో 'సిస్టర్' అన్న మాట వేసినన్ని వేషాలు ఇంకే ఇంగ్లీషు మాటా వేసి ఉండదు. బస్సులో సీటు కావలసిన కుర్రాడు "సిస్టర్, కాస్త జరుగుతారా?" అంటాడు. ఆస్పత్రిలో సెలైన్ సీసా అయిపోవస్తే "సిస్టర్! సిస్టర్!" అని కేకలేస్తాం, నర్సు పరుగెత్తుకొస్తుంది. సినిమాలో రౌడీల చేతుల్లోంచి ఒక అమ్మాయిని విడిపించిన హీరో "భయపడకు సిస్టర్" అన్నాడంటే, ఈ పిల్ల హీరోయిన్ కాదని హాలంతటికీ తెలిసిపోతుంది. ఇంతమంది సిస్టర్ల మధ్య అసలు సిస్టరు, అంటే కన్యాస్త్రీ, ఎక్కడో మరుగున పడింది. ఆస్పత్రిలో నర్సును అలా పిలవడం కూడా ఒకప్పుడు రోగుల మంచాల పక్కన నిలబడిన ఆ మఠం ఆడవాళ్ళ దగ్గర్నుంచి వచ్చిన అలవాటే. పిలుపు ఉండిపోయింది. మనిషిని మరిచిపోయాం.

నేను కాపురం ఉండేది ఫిల్మ్ నగర్‌లో. అలాగని నేనేదో సినిమా మనిషిని అనుకునేరు! కూరగాయలకు వెళ్తే దారిలో వ్యాన్లలోంచి లైట్లు దించుతూ కనబడతారు, పాలు పొంగే వేళకు ఎక్కణ్ణుంచో "సైలెన్స్" అన్న కేక వినబడుతుంది. నాకూ సినిమాకూ అంతవరకే చుట్టరికం. తెలుగు సినిమా మద్రాసు నుంచి మెల్లమెల్లగా సామాను సర్దుకుని ఇటు వచ్చింది. 1976లో అన్నపూర్ణ స్టూడియో, ఆ తర్వాత 1989లో రామానాయుడు స్టూడియో వెలిశాక ఈ రాళ్ళగుట్టలకు కాపురపు కళ వచ్చింది. గుట్ట దిగితే కృష్ణానగర్. అక్కడ వేషాలకు దుస్తులు అద్దెకిచ్చే కొట్లో పోలీసు యూనిఫారం, లాయరు నల్లకోటు, పురోహితుడి పంచె వరసలో సిస్టరు తెల్ల అంగీ కూడా వేలాడుతూ ఉంటుంది. దాన్ని చూసినప్పుడల్లా నాకొక అనుమానం. ఈ అంగీ తొడుక్కున్న మనిషి తెర మీద ఇంతవరకు ఏం పని చేసింది?

మీరూ కాస్త జ్ఞాపకం చేసుకోండి. కుండపోత వాన, చర్చి మెట్ల మీద పసిగుడ్డు. సిస్టరు వచ్చి ఎత్తుకుంటుంది. పాతికేళ్ళ తర్వాత హీరోకు జన్మరహస్యం చెప్పి, రెండుసార్లు దగ్గి, కన్నుమూస్తుంది. ఇదొక సిస్టరు. హీరో అనాథాశ్రమంలో పాట పాడుతుంటే పిల్లల వెనక నిలబడి తలూపేది ఇంకొక సిస్టరు. ఆపరేషను గది బయట "ప్రభువును ప్రార్థించండి" అని చెప్పి వరండాలో నడిచి వెళ్ళిపోయేది మూడో సిస్టరు. ప్రేమ విఫలమై, ఇంకేం చెయ్యాలో తోచక ఈ అంగీ తొడుక్కునేది నాలుగో సిస్టరు. నలుగురూ మంచివాళ్ళే. నలుగురి కళ్ళల్లోనూ కరుణ. అయితే ఈ నలుగురిలో ఒక్కరికైనా ఏదన్నా పని వచ్చునా? సూది వెయ్యడం, లెక్కలు చూడడం, పాఠం చెప్పడం, జీతాల దగ్గర మేస్త్రీతో వాదించడం, ఏదన్నా? వచ్చినట్టు మనకు ఎక్కడా చూపించరు. నా ఫిర్యాదు ఇదే. సేవను మన సినిమాలు ఒక ముఖకవళికగా చూస్తాయి. అది నేర్చుకున్న విద్య అని వాటికి తోచదు.

మద్రాసు రోజుల నుంచీ ఇదే తంతు. మనందరికీ ప్రాణమైన 'మిస్సమ్మ' (1955) చూడండి. పల్లెల్లో మిషను ఆడవాళ్ళనూ, బడిలో చదువు చెప్పే క్రైస్తవపు అమ్మాయినీ పిలిచే పిలుపే ఆ సినిమాకు పేరయింది. సావిత్రి వేసిన మేరీ నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. డేవిడ్ అప్పు తీర్చాలి, అందుకు ఉద్యోగం కావాలి, ఉద్యోగం కోసం పెళ్ళయినట్టు నటించాలి. అవసరం, ఉక్రోషం, ఆత్మగౌరవం మూడూ ఉన్న పిల్ల. ఎల్.వి. ప్రసాద్ గారు ఎంత ముచ్చటగా తీశారంటే, ఆ బడి కథకు ఒక సాకు మాత్రమేనని మనకు తట్టనే తట్టదు. చివరికి మేరీ తప్పిపోయిన మహాలక్ష్మి అని తేలుతుంది, అందరం హాయిగా ఊపిరి పీల్చుకుంటాం. బడి సంగతి? మేరీ మంచి టీచరా కాదా? ఎవరూ అడగరు. నేనూ చాలా ఏళ్ళు అడగలేదనుకోండి, పాటలు అంత బాగుంటాయి మరి!

ఆ సావిత్రే 1960లో 'చివరకు మిగిలేది'లో నర్సు. బెంగాలీలో అసిత్ సేన్ తీసిన 'దీప్ జ్వేలే జాయ్' కథ అది. మనసు చెదిరిన రోగికి ప్రేమ నటించి నయం చెయ్యమని డాక్టరు నర్సుకు చెబుతాడు. ఒకసారి చేస్తుంది. రెండోసారి నటన కాస్తా నిజమవుతుంది. రోగికి నయమై వెళ్ళిపోతాడు, ఆమెకు మతి చెదురుతుంది. సావిత్రి నటన గురించి నేను చెప్పేదేముంది, ఆ చివరి ముఖం చూశాక ఆ రాత్రి అన్నం సయించదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, డాక్టరు ప్రయోగానికి నర్సును బలిపెట్టడం తప్పని ఆ సినిమా గట్టిగానే అంటుంది. కానీ గమనించండి, అక్కడ నర్సు మందు ఆమె ప్రేమే. ఆమె చదువు, అనుభవం, రాత్రి డ్యూటీలు ఇవేవీ కథలోకి రావు. ఆడమనిషి రోగిని బాగుచేసిందంటే మనసుతో చేసి ఉండాలి, బుర్రతో కాదు! మనకు ఎక్కడో ఇలా నాటుకుపోయింది.

ఇక ఇప్పుడు నిజంగా బతికిన ఒకావిడ సంగతి చెబుతాను. మన గుంటూరులోనే బతికారు.

ఆవిడ పేరు డాక్టర్ మేరీ గ్లౌరీ. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలోని బిరెగర్రా అనే చిన్న ఊళ్ళో 1887 జూన్ 23న పుట్టారు. ఇంట్లో తొమ్మిదిమంది పిల్లలు. స్కాలర్‌షిప్పులతో చదువుకుని 1910లో మెల్‌బోర్న్ యూనివర్సిటీ నుంచి డాక్టరుగా బయటికి వచ్చారు. ఆడపిల్ల డాక్టరు చదవడమే వింతగా ఉన్న రోజులవి. తర్వాత కాలిన్స్ స్ట్రీట్‌లో ప్రాక్టీసు పెట్టారు. మెల్‌బోర్న్‌లో ఆ వీధి అంటే పేరున్న డాక్టర్లు బోర్డు కట్టుకునే వీధి. చేతి నిండా పని. అలాంటి సమయంలో, 1915లో, ఆవిడ ఒక చిన్న కరపత్రం చదివారు. అది ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లాండు లేడీ డాక్టరు గురించి. మగ డాక్టరు ముందుకు రాలేని ఘోషా స్త్రీలు మన దేశంలో కాన్పుల్లో, జబ్బుల్లో దిక్కులేకుండా చనిపోతున్నారని ఆ ముసలావిడ రావల్పిండిలో ఆడవాళ్ళకు ఆస్పత్రి పెట్టించి, రోమ్‌కు వెళ్ళి మరీ మొరపెట్టుకున్నారు. 1913లో పోయారు. ఆ కరపత్రం చదివి మేరీ గ్లౌరీ ఇండియా వెళ్ళాలని నిశ్చయించుకున్నారు.

నిశ్చయించుకున్న మనిషి ఏం చేశారో చూడండి. నా కథలో అసలు ఘట్టం ఇదే. సినిమా అయితే మరుసటి సీనులో ఓడ, నీలాకాశం, పక్షులు. ఆవిడ మాత్రం మళ్ళీ పుస్తకాలు పట్టారు. గుంటూరు వంటి చోట ఏ జబ్బులు ఎదురవుతాయో అంచనా వేసుకుని కాన్పులు, స్త్రీల వ్యాధులు, కళ్ళ వైద్యం ఎంచుకుని 1919లో ఎం.డి. పుచ్చుకున్నారు. అప్పుడు ఓడెక్కారు. 1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరారు. అప్పటికి వయసు 32. అక్కడ హాలెండు నుంచి 1904లో వచ్చిన జీసస్ మేరీ జోసెఫ్ సంఘం సిస్టర్లు, మనవాళ్ళు జె.ఎం.జె. సిస్టర్లంటారు, వాళ్ళతో చేరి కన్యాస్త్రీ అయ్యారు. ఇక మిగిలిన జీవితమంతా అక్కడే. 37 ఏళ్ళు.

చిక్కల్లా ఎక్కడంటే, చర్చి చట్టం. సన్యాస వ్రతం పట్టినవాళ్ళు వైద్యం చెయ్యకూడదు, అందులోనూ పురుడు పొయ్యడం అసలు కూడదని పాత కట్టుబాటు. దిక్కులేని ఆడవాళ్ళకు పురుళ్ళు పొయ్యడానికే ఇంత దూరం వచ్చిన మనిషికి, తాను తొడుక్కున్న అంగీయే అడ్డం! ఆవిడ కోసం పోపు 15వ బెనడిక్ట్ దగ్గర్నుంచి ప్రత్యేకంగా అనుమతి రావలసి వచ్చింది. ఆ అనుమతి ఆవిడ ఒక్కరిది. మిగతా సిస్టర్లకు ఆ తలుపు తెరుచుకోవడానికి 1936 దాకా పట్టింది. మెక్‌లారెన్ దారినే నడిచిన అన్నా డెంగెల్ అనే ఆస్ట్రియా డాక్టరు కూడా సరిగ్గా 1920లోనే రావల్పిండి చేరారు. 1925లో ఆవిడ అమెరికాలో వైద్యసేవకే ఒక సిస్టర్ల సంఘం పెడితే, అందులో చేరినవాళ్ళు కూడా 1936 వరకు నిండు వ్రతాలు పట్టలేకపోయారు. డాక్టరు అయితే సిస్టరు కాకూడదు, సిస్టరు అయితే డాక్టరు కాకూడదు. ఇంతకంటే సినిమావాళ్ళకు ఏం సంఘర్షణ కావాలండీ!

కథా చర్చల్లో కూర్చునే రచయిత ఒకాయన మా వీధిలోనే ఉంటారు. సాయంత్రం నడకలో కనబడితే ఈ కథంతా చెప్పి, "దీన్ని సినిమా తీయరాదా రచయితగారూ?" అన్నాను. ఆయన శ్రద్ధగానే విన్నారు.

"బాగుందమ్మా. కానీ ఇంటర్వెల్ ఎక్కడ పడుతుంది?"

"రోమ్ నుంచి అనుమతి రావాలి కదండీ, అక్కడ."

"అది కాగితం. కాగితం మీద ఇంటర్వెల్ పడదు. ఆవిడ మెల్‌బోర్న్‌లో ఎవరినైనా ప్రేమించిందా?"

"నాకు తెలిసి లేదు."

"పోనీ, ఇక్కడ ఎవరైనా ఆస్పత్రి తగలబెట్టారా?"

"లేదండీ."

"మరి 37 ఏళ్ళూ ఏం జరిగింది?"

"రోజూ రోగులొచ్చారు. వైద్యం జరిగింది."

ఆయన జాలిగా నవ్వి, "అదేనమ్మా మరి. కథ లేదు" అని వెళ్ళిపోయారు.

కథ లేదట! చిన్న డిస్పెన్సరీ సెయింట్ జోసెఫ్స్ ఆస్పత్రి అయింది. మనవాళ్ళ ఆడపిల్లలకు మంత్రసానితనం, నర్సు పని, మందులు కలిపే పని నేర్పారు. 1943 జూలై 29న దేశంలో ఎక్కడికక్కడ ఒంటరిగా పనిచేస్తున్న కాథలిక్ ఆస్పత్రులన్నిటినీ ఒక తాటి మీదకు తేవాలని పదహారుమంది సిస్టర్లు కూర్చుని ఒక సంఘం పెట్టుకున్నారు. ముందు నిలబడింది ఈవిడే. ఆ సంఘం ప్రధాన కార్యాలయం ఇప్పుడు ఎక్కడుందనుకున్నారు? మన సికిందరాబాదులో. దేశమంతటా మూడు వేలకు పైగా సంస్థలు అందులో సభ్యులు. ఆవిడ కలలుగన్న కాథలిక్ వైద్య కళాశాల 1963లో బెంగుళూరులో సెయింట్ జాన్స్ పేరుతో మొదలైంది. అది చూడడానికి ఆవిడ లేరు. 1957 మే 5న బెంగుళూరులోనే కాన్సర్‌తో కన్నుమూశారు.

ఫిల్మ్ నగర్ నుంచి సికిందరాబాదు ఎంత దూరం? ట్రాఫిక్కు పోను గంట. అంత దగ్గరున్న కథ ఇన్నేళ్ళుగా గుట్ట ఎక్కలేదు.

పని మీద కథ నడవదన్న మాట నేను ఒప్పుకోను. 1959లో ఫ్రెడ్ జిన్నెమన్ తీసిన 'ది నన్స్ స్టోరీ' ఉంది. బెల్జియం సిస్టరు ఒకావిడ నిజ జీవితం ఆధారంగా వచ్చిన నవల దానికి మూలం. ఆడ్రీ హెప్‌బర్న్ సిస్టర్ ల్యూక్. మంచి తెలివైన నర్సు, ఉష్ణదేశాల జబ్బుల పరీక్షకు కూర్చోవాలి. అప్పుడు మఠం పెద్ద ఒకావిడ, వినయానికి గుర్తుగా ఆ పరీక్ష కావాలని తప్పగలవా, అని అడుగుతుంది. చూస్తున్న మనకు గుండె ఆగినంత పనవుతుంది. కత్తులు లేవు, కన్నీళ్ళు లేవు, ఒక పరీక్ష కాగితం! తెలిసిన జవాబు తెలియదని రాయడం భక్తి అవుతుందా అన్న ప్రశ్న మీద సీను నిలబడింది. ఆమె తప్పదు, పాసవుతుంది. అయినా కోరుకున్న కాంగో పంపకుండా ముందు పిచ్చాసుపత్రిలో వేస్తారు. చివరికి ఆమె మఠం విడిచిపెట్టి, మామూలు దుస్తులు వేసుకుని, తలుపు తీసుకుని వీధిలోకి నడిచిపోతుంది. కెమెరా మాత్రం గదిలోనే ఉండిపోయి చూస్తుంది. మఠాన్ని తిట్టదు, ఆమెనూ తిట్టదు. ఆ మర్యాద నాకు నచ్చింది. ఒక్కటే లోటు. మఠం విడిచిన సిస్టరుకు కథ దొరికింది. ఉండిపోయిన సిస్టరుకు?

ఉండిపోయినవాళ్ళను చూపించేటప్పుడు కెమెరాకు ఇంకో జబ్బు పట్టుకుంటుంది. అదే వెలుగు జబ్బు. 1969లో బి.బి.సి. కోసం మాల్కం మగరిడ్జ్ కలకత్తా వచ్చి మదర్ థెరెసా మీద 'సంథింగ్ బ్యూటిఫుల్ ఫర్ గాడ్' తీశారు. చావుబతుకుల్లో ఉన్నవారిని ఉంచే ఇంట్లో చీకటి. బొమ్మ పడదనుకున్నారు. తీరా చూస్తే చక్కటి కాంతితో పడింది. ఇది దైవమహిమే అన్నారు మగరిడ్జ్. కెమెరా పట్టిన కెన్ మాక్‌మిలన్ మాత్రం, ఆ గొప్పంతా కొత్తగా వచ్చిన కొడాక్ ఫిల్ముదని చెప్పారు. మా ఫిల్మ్ నగర్ లైట్‌బాయ్‌లకు చెబితే పడీపడీ నవ్వుతారు. నాకు మాత్రం కాస్త బాధ. ఆ గదిలో వెలుగు గురించి ఇన్నేళ్ళు వాదించుకున్నారు. మంచాల దగ్గర గుడ్డలు మార్చినదెవరు, నొప్పికి మందు ఉందా లేదా, ఉంటే ఎవరు ఇచ్చారు? ఈ ప్రశ్నలు ఆ వెలుగులో కనబడకుండా పోయాయి.

ఈ మధ్య, 2023లో, 'ది ఫేస్ ఆఫ్ ది ఫేస్‌లెస్' అని సినిమా వచ్చింది. షైసన్ పి. ఔసేఫ్ దర్శకుడు, విన్సీ అలోషియస్ సిస్టర్ రాణీ మరియ వేషం వేసింది. ఆ సిస్టరు కేరళ పిల్ల. మధ్యప్రదేశ్‌లోని ఉదయనగర్ దగ్గర గిరిజనులను వడ్డీవ్యాపారుల పిడికిలి నుంచి విడిపించడానికి వాళ్ళకు బ్యాంకు అప్పులు, ప్రభుత్వ పథకాలు నేర్పించారు. 1995 ఫిబ్రవరి 25న వెళ్తున్న బస్సులో ఆవిడను పొడిచి చంపారు. చంపిన మనిషికి ఆవిడ చెల్లెలు జైలుకు వెళ్ళి రాఖీ కట్టింది. ఈ కథ సినిమా అయినందుకు సంతోషం. అయినా మనసులో మాట చెబుతాను. లోకానికి ఆవిడ పేరు తెలిసింది ఆ హత్య వల్ల, ఆ క్షమాపణ వల్ల. వేలిముద్ర వేసే ఆడదాని చేత బ్యాంకు పాసుబుక్కు తెరిపించిన రోజుకు అంత విలువ రాలేదు. వడ్డీవ్యాపారికి మాత్రం దాని విలువ బాగా తెలిసింది కాబట్టే కత్తి పట్టించాడు.

ఇక్కడ మీలో కొందరికి ఒక ప్రశ్న నాలుక చివర ఉంటుంది. "అంతా బాగానే ఉంది గానీ, వాళ్ళు వచ్చింది మతం కోసమే కదమ్మా?" అని. మావారూ ఇదే అడిగారు. అవును, మేరీ గ్లౌరీ మిషనరీ. ఏసుక్రీస్తు మీద నమ్మకంతోనే వచ్చారు, ఆ సంగతి దాచుకోలేదు. ఆవిడకు వైద్యం, భక్తి వేర్వేరు గదుల్లో ఉండేవి కావు. దీని మీద మనకు అభిప్రాయభేదాలు ఉండవచ్చు, చర్చించుకోవచ్చు, చర్చించుకోవాలి కూడా. అదే గుంటూరులో 1883 నుంచి ఆడవాళ్ళకు వైద్యం చేసి, 1930లో అక్కడే పోయిన అమెరికా డాక్టరు అన్నా కూగ్లర్ లూథరన్ మిషనువారు. వీరూ మిషనరీయే, వారూ మిషనరీయే. కానీ సినిమా ఈ ప్రశ్నకు జడిసి ఏం చేస్తోందో చూడండి. ఎవరికీ కోపం రాకుండా సిస్టరుకు నమ్మకం లేకుండా చేస్తోంది, మాట లేకుండా చేస్తోంది, చివరికి పని కూడా లేకుండా చేసి అనాథాశ్రమం గోడ పక్కన నిలబెడుతోంది. మనిషిలోంచి గొడవలన్నీ తీసేస్తే మిగిలేది అద్దె అంగీయే.

సినిమావాళ్ళను ఇన్ని అన్నాను కనుక, చర్చివాళ్ళను కూడా ఒక మాట అనాలి. 2013లో మేరీ గ్లౌరీకి 'దైవసేవకురాలు' అన్న బిరుదు ఇచ్చారు. పునీతురాలిని చేసే దారిలో అది తొలి మెట్టు. ఆ మెట్లు ఎక్కి చివరికి చేరాలంటే మామూలుగా అద్భుతాలు రుజువు కావాలి. అంటే ఆవిడను ప్రార్థిస్తే ఒక రోగికి నయం కావాలి, అది ఎలా నయమైందో వైద్యశాస్త్రం చెప్పలేకపోవాలి. విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత ఆలోచన వచ్చింది. వైద్యశాస్త్రం చెప్పగలిగిన పద్ధతిలో, చదివి, చేతులు కడుక్కుని, మందు కొలిచి 37 ఏళ్ళ పాటు రోగులను నిలబెట్టినావిడ. ఆ బతికినవాళ్ళెవరూ లెక్కకు రారు, వైద్యానికి అందని ఆ ఒక్క రోగి లెక్కకు వస్తాడు! భక్తుల నమ్మకాన్ని నేను కాదనను. కానీ ఆవిడ గొప్పతనం మందుకు అందిన రోగుల్లోనే ఉందని నా నమ్మకం.

ఇంకొకటి. తెల్లదొరసానమ్మ కథ కాబట్టి పేరు, తేదీ, ఊరు దొరికాయి. ఆవిడ పక్కన నిలబడి దీపం పట్టిన, నీళ్ళు కాచిన, రాత్రంతా మేలుకున్న మన తెలుగు అమ్మాయిల పేర్లు ఎవరు రాసిపెట్టారు? ఇవాళ మన ఆస్పత్రుల్లో, బళ్ళలో ఆ అంగీ తొడుక్కున్నవాళ్ళలో చాలామంది మన పల్లెల పిల్లలు, పక్కనున్న కేరళ పిల్లలు. రిజిస్టర్లు రాస్తారు, కరెంటు బిల్లులు కడతారు, పరీక్ష పేపర్లు దిద్దుతారు, అర్ధరాత్రి పురుడు పోస్తారు. సినిమా తీస్తే దొరసాని సినిమా తీసి సరిపెట్టుకోకూడదని నా కోరిక. ఆవిడ పక్కన దీపం పట్టుకున్న అమ్మాయి వైపుకు కూడా కెమెరా ఒకసారి తిరగాలి.

ఇదంతా నాకెందుకు? నేను క్రైస్తవురాలిని కాను, డాక్టరునూ కాను. అయినా ఈ విషయం మన ఇళ్ళదాకా వస్తుంది. ముప్పై ఏళ్ళు సంసారం ఈదిన ఆడదాన్ని అందరూ కలిసి "త్యాగమూర్తి" అంటారు. షష్టిపూర్తికి శాలువా కప్పి మరీ అంటారు. ఆమె కళ్ళు తుడుచుకుంటుంది, మనమూ తుడుచుకుంటాం. కానీ నలుగురు పిల్లల జ్వరాల్లో ఏది మామూలు జ్వరమో ఏది డాక్టరు దగ్గరకు పరుగెత్తవలసిన జ్వరమో ఆమె ఎలా పోల్చేదో ఎవరన్నా అడిగారా? చాలీచాలని జీతంలో నెలాఖరు దాకా సరుకులు ఎలా సర్దిందో ఆ లెక్క ఎవరన్నా నేర్చుకున్నారా? త్యాగం అన్న మాటతో ఒక సౌకర్యం ఉంది. దండం పెడితే బాకీ తీరిపోతుంది. విద్య అన్నామనుకోండి, నేర్చుకోవాలి, విలువ కట్టాలి, ఒక్కోసారి జీతం కూడా ఇవ్వాలి. మఠంలో సిస్టరుకూ మన వంటింట్లో అమ్మకూ ఈ ఒక్క విషయంలో పెద్ద తేడా లేదు.

నన్నెవరూ అడగలేదు గానీ, ఆ సినిమా నేనే తీస్తే మొదటి సీను ఓడ మీద పెట్టను. ముప్పై దాటిన డాక్టరమ్మ రాత్రిపూట కళ్ళ వైద్యం పుస్తకం ముందేసుకుని, నిద్ర ఆపుకుంటూ గుర్తులు పెట్టుకుంటూ ఉంటుంది. తర్వాత గుంటూరు ఎండ. చెయ్యి చూపించడానికి కూడా సిగ్గుపడే ఒక ఇల్లాలు, గుమ్మం దగ్గరే నిలబడిపోయిన ఆమె అత్తగారు. ఒక పల్లెటూరి పిల్లకు పురుటికి ముందు చేతులు ఎంతసేపు కడుక్కోవాలో నేర్పించే సీను ఒకటి, తొందరపడకుండా పూర్తిగా. ఇంటర్వెల్ దగ్గర రోమ్ కాగితమే పెడతాను, మా రచయితగారు ఏమన్నా సరే. ఆఖర్న పదహారుమంది సిస్టర్లు బల్ల చుట్టూ కూర్చుని సంఘం నియమాలు రాసుకుంటూ ఉంటారు, ఎవరో ఒకరు "ఆ మాట కొట్టేయండి, ఇలా రాయండి" అంటారు. గంటలు మోగవు, తల వెనక వెలుగు చక్రం ఉండదు. సంగీతం కావాలంటే వాయించుకోండి, కాస్త తగ్గించి.

ఈసారి మీరు హాల్లో గానీ ఇంట్లో టీవీలో గానీ సినిమా చూస్తుంటే తెల్ల అంగీ సిస్టరు వస్తుంది. వచ్చినప్పుడు ఆమె చేతులు చూడండి. పిల్లాడి తల నిమరడం కాక ఏదైనా పని చేస్తున్నాయేమో కనిపెట్టండి. చెయ్యకపోతే ఆ సినిమావాళ్ళకు ఒక కార్డు ముక్క రాసి పడేయండి. చిరునామా పెద్దగా అక్కర్లేదు, ఫిల్మ్ నగర్, హైదరాబాదు అంటే చాలు. మా పోస్టుమాను మంచివాడు, చేరుస్తాడు.